చచ్చిందా? ఖాళీ అయిందా?

(పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం, సొంత కార్లున్నవాళ్లకీ టాక్సీ డ్రైవర్లకీ ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

నమస్కారమండీ అందరికీ. వెనకవాళ్లకి వినిపిస్తోందా? సరే. బ్యాటరీల మేస్త్రీ మాట్లాడుతుంటే మైకు ఆగిపోయిందంటే రేపటినుంచి నా షాపు గడప ఎవరూ తొక్కరు. (నవ్వులు)

నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మేష్టరీ చేసిన ఊరిది. వాడుక మాట కోసం ఆయన అంత పోట్లాడారు గనక, షాపులో ఎలా మాట్లాడతానో ఇక్కడా అలాగే మాట్లాడతాను. సెల్ఫ్ అంటాను, అంటే ఇంజన్ని మొదట తిప్పి లేపే స్టార్టరు మోటారు. ఎర్తు అంటాను, అంటే బ్యాటరీ నెగటివ్‌ని బండి బాడీకి కలిపే తీగ. ఇంజను నడుస్తుండగా బ్యాటరీకి ఛార్జి పెట్టే ఆల్టర్నేటర్‌ని ఒక్కోసారి డైనమో అనేస్తాను, చిన్నప్పటి అలవాటు. సర్దుకోండి.

పొద్దున్న ఏడింటికి నాకు ఫోనొస్తుంది. ‘‘బ్యాటరీ చచ్చిపోయింది, కొత్తది పట్టుకొచ్చెయ్.’’ నేను అమ్ముకునేవాణ్ని, పట్టుకెళ్లి బిగించేస్తే నాకే లాభం. కానీ ముందు ఒకటి అడుగుతాను: బాబూ, అది చచ్చిందా, ఖాళీ అయిందా? బిందెలో నీళ్లయిపోతే బిందె పారేస్తామా? చిల్లు పడితే పారేస్తాం. ఈ తేడా తెలియక మంచి బ్యాటరీలు పాతసామాన్లకి పోవడం చూశాను. అలా పంపినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు చెవిని వాడండి. తాళం తిప్పితే ఏ చప్పుడొచ్చింది? టకటకటకటక అని బల్లి అరిచినట్టు వరసగా కొడుతోందనుకోండి, బ్యాటరీలో కొంచెం ఉంది, సెల్ఫ్ తిప్పేంత లేదు. లోపల రిలే, అంటే సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చు, పట్టుకుంటోంది, బరువు పడగానే ఓల్టేజి కూలిపోయి వదిలేస్తోంది, మళ్లీ పట్టుకుంటోంది. అదే ఆ టకటక. ర్ర్ర్...ర్ర్...ర్ అని ముసలెద్దు బండి లాగినట్టు ఈడుస్తోందంటే ఇవాళో రేపో మానేస్తానని ముందే చెబుతోందన్నమాట. చాలామంది ఈ కబురు పట్టించుకోరు. రెండోసారికి అందుకుంది కదా అని ఊరుకుంటారు. హారన్ బొంగురుపోవడం, సెల్ఫ్ కొడుతున్నప్పుడు డాష్‌బోర్డు దీపాలు ఆరిపోయి వెలగడం, గడియారం మళ్లీ పన్నెండు నుంచి మొదలవడం, అన్నీ ఆ వరసవే.

ఒక్కసారే ‘టక్’మని ఊరుకుంటే తొందరపడకండి. హెడ్‌లైట్లు వేసి చూడండి. లైటు బాగా వెలుగుతోంది, సెల్ఫ్ కొట్టినా తగ్గట్లేదు అంటే బ్యాటరీ తప్పు కాకపోవచ్చు. సెల్ఫ్ మోటారు, దానికి కరెంటు కలిపే సోలెనాయిడ్ స్విచ్చు, లేకపోతే బ్యాటరీ మీద తీగ బిగించే టెర్మినల్ వదులు. సెల్ఫ్ కొట్టగానే లైటు దీపం కొండెక్కినట్టు పోయిందా, అప్పుడు బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోండి. ఇంజను చకచకా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదా? అది పెట్రోలు సంగతో, ఇగ్నిషన్ సంగతో, తాళంలో చిప్పు సంగతో. అక్కడ కొత్త బ్యాటరీ వేస్తే డబ్బు దండగ. ఆటోమేటిక్ బండి గేరు ‘పి’లో లేకపోయినా, క్లచ్చు పూర్తిగా తొక్కకపోయినా కొన్ని బండ్లు నోరెత్తవు. దీనికి కూడా నన్ను పిలిచినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. నేను చూడట్లేదు ఎవరివైపూ. (నవ్వులు)

ఇప్పుడు ఆ పెట్టెలో ఏముందో చూద్దాం. గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన 1859లో చేసిన వస్తువిది. 165 ఏళ్లు దాటినా అదే సీసం, అదే గంధకామ్లం. లోపల ఆరు గదులు, ఒక్కోటి రెండు ఓల్టుల పైచిలుకు. ఆరూ కలిసి, నిండుగా ఉంటే, బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 ఓల్టులు, ఆ పైన చూపిస్తుంది. కరెంటు వాడుకున్నప్పుడల్లా పలకల మీద సీసం సల్ఫేటు ఏర్పడుతుంది. ఛార్జి చేస్తే అది మళ్లీ ఆసిడ్లోకి వెళ్లిపోతుంది. ఇంతవరకూ సుఖమే. కానీ ఖాళీగా వదిలేశారనుకోండి, ఆ సల్ఫేటు గట్టిపడుతుంది. అమ్మలకి తెలుసు, అరిసెల పాకం లేతగా ఉన్నప్పుడు నీళ్లు పోస్తే కరుగుతుంది. ముదిరి గడ్డకట్టాక గరిటె కూడా దిగదు. బ్యాటరీ కూడా అంతే. ఇవాళ ఖాళీ అయితే రేపు ఛార్జి పెట్టండి, లేస్తుంది. నెల్లాళ్లు అలాగే ఉంచితే పాకం ముదిరిపోతుంది. ఖాళీ అయినది చచ్చేది అప్పుడే.

ఎలా ఖాళీ అవుతుందంటే, మన దగ్గర అందరికీ తెలిసినది మహేంద్రగిరి శివరాత్రి. కొండ పైకి బండ్లెక్కిస్తారు. పైన చలి. జాగారం. కార్లో పాటలు పెట్టి, లోపల లైటేసుకుని, ఫోన్లు ఛార్జింగుకి పెట్టి తెల్లవార్లూ కూర్చుంటారు, ఇంజను ఆపేసి. తెల్లారి చూస్తే వరసగా నాలుగు బండ్లు టకటకమంటుంటాయి. శివుడు మేలుకున్నాడు, బ్యాటరీ పడుకుంది. రెండో కథ తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మన గజపతి జిల్లాలో కొండలు విరిగిపడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు వీధిలో కారున్నవాడే కరెంటాఫీసు. ఇరుగుపొరుగు వాళ్లందరి ఫోన్లూ ఆ కార్లోనే. మంచి పనే, నేనూ చేశాను. కాకపోతే మధ్యమధ్య ఇంజను ఆన్ చేసి ఉంచాలి, మూసిన షెడ్డులో కాకుండా ఆరుబయట. అది తెలియక ఆసుపత్రికి బయల్దేరాల్సిన సమయానికి బండి కదలనివాళ్లు ఉన్నారు.

లెక్క చెప్పనా? చిన్న పెట్రోలు కారు బ్యాటరీ చాలావాటిలో 35 ఆంపియర్-అవర్ వరకు ఉంటుంది, అంటే ఒక్క ఆంపియరు చొప్పున వాడితే 35 గంటలు. హెడ్‌లైట్లు, వెనక లైట్లు మర్చిపోతే పది ఆంపియర్ల దాకా లాగుతాయి. మూడున్నర గంటల్లో సరి. సినిమాకెళ్లి వచ్చేలోగా అయిపోతుంది. లోపలి చిన్న దీపం అయిదు వాట్లది, మూడు రోజుల పైనే పడుతుంది. అసలు దొంగ ఎవరంటే, తాళం తీసేసినా నడిచేవి: గడియారం, అలారం, కంప్యూటర్లు. మంచి బండిలో అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. చిన్నదే కదా అంటారు. 50 చొప్పున రోజుకి 1.2 ఆంపియర్-అవర్. నెలకి 36. అంటే మీరు పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్లి నెలరోజులుండి వస్తే, బండిలో ఏ లోపమూ లేకపోయినా బ్యాటరీ సున్నా. నెగటివ్ టెర్మినల్ తీసి వెళ్లండి, లేదా వారానికోసారి ఎవరిచేతైనా ఓ అరగంట నడిపించండి. ఉన్నచోటే అయిదు నిమిషాలు ఆన్ చేసి ఆపడం కాదండోయ్, అది పెట్టేది వారమంతా పోయినదానికి ఏ మూలకీ రాదు.

ఇక్కడ ఒక వింత ఉంది. సెల్ఫ్ ఒక్కసారి కొట్టడానికి 150 ఆంపియర్లు లాగిందనుకుందాం, మూడు సెకన్లు. కూడితే ఆంపియర్-అవర్లో ఎనిమిదో వంతు. ఏమీ కాదు! మరి సగం ఉన్న బ్యాటరీ ఎందుకు తిప్పలేకపోతోంది? నీళ్లెన్ని ఉన్నాయన్నది ఒకటి, కొళాయి ఎంత దూకుడుగా పోస్తుందన్నది ఇంకోటి. ముసలి బ్యాటరీ కొళాయిలో గార పట్టింది. అందుకే రేడియో పాడుతుంది, దీపం వెలుగుతుంది, సెల్ఫ్ మాత్రం తిరగదు. ‘‘లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ బాగానే ఉంది’’ అనేవాళ్లకి నా జవాబు ఇదే.

వేడి గురించి రెండు ముక్కలు. చలికాలంలో బండి స్టార్టవకపోతే అందరూ చలిని తిడతారు. చేసింది చలి కాదు. గుణుపురంలోనూ రాయగడలోనూ మే నెల ఎండ బానెట్ కింద లోపల పలకల్ని తినేస్తుంది. మేలో చేసిన అప్పు జనవరి తెల్లారుజామున వడ్డీతో అడుగుతుంది, చలికి ఇంజను ఆయిలు చిక్కబడి సెల్ఫ్‌కి బరువు పెరిగినప్పుడు. మన ఎండలకి మూడేళ్లు వస్తే సరిపెట్టుకోవాలి, నాలుగైదు వస్తే అదృష్టం.

నా తప్పు చెబుతానన్నాను. పని నేర్చుకునే రోజుల్లో ఒక లెక్కల మేష్టారి కారు. సెల్ఫ్ తిరగట్లేదు. నేను కుర్రతనం కొద్దీ ‘బ్యాటరీ పోయింది సార్’ అని కొత్తది వేయించేశాను. మూడో రోజు మళ్లీ అదే టకటక. ఆయన నడుచుకుంటూ షాపుకొచ్చి, తాళాలు బల్లమీద పెట్టి కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది. చూస్తే ఏటి? బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు తీగ, బాడీ దగ్గర తుప్పుపట్టి పేలికలా వేలాడుతోంది. పాత బ్యాటరీ లక్షణంగా ఉండేది. దాన్ని అప్పటికే తూకానికి ఇచ్చేశాం.

అప్పట్నుంచి ముందు టెర్మినళ్లు చూడకుండా నేను బ్యాటరీ ముట్టుకోను. తెల్లగా, పచ్చగా, నీలంగా పొడి పూసి ఉంటుంది చూడండి, గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే బండ్లకి ఇంకా ఎక్కువ. వేడినీళ్లలో వంటసోడా కలిపి పొయ్యండి, బుసబుసమని పొంగి పోతుంది. బ్యాటరీ మూతల్లోకి మాత్రం వెళ్లకూడదు. ఆరాక గట్టిగా బిగించి పైన కాస్త వ్యాజిలీన్ రాయండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ఆఖర్న నెగటివ్. ఎందుకంటే ముందు పాజిటివ్ విప్పబోయి పానా బాడీకి తగిలిందా, దీపావళే. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి.

(సభలోంచి: అన్నా, మీటరుతో చూస్తే తెలిసిపోదా?)

తెలుస్తుంది, కానీ మీటరు కూడా మోసం చేస్తుంది. నడిపి ఆపగానే చూస్తే లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. ఓల్టులు కొలిచే మీటరుని రాత్రంతా ఆపిన బండికి పొద్దున్న పెట్టండి. 12.6 పైన ఉంటే నిండుకుండ. 12.4 అయితే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12 కి వచ్చిందంటే పావు. 10.5 చూపించి ఛార్జి పెట్టినా అక్కడే ఉంటే ఆరు గదుల్లో ఒకటి పోయినట్టు, ఇది నిజంగా చచ్చినది. తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడమనండి ఎవరినైనా. 9.6 కి కిందికి పడిపోతుంటే గార కొళాయి. ఇంజను ఆన్‌లో ఉండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 12.3 దగ్గర కదలకుండా ఉంటే ఆల్టర్నేటర్ పెట్టట్లేదు, బెల్టు వదులో, లోపల ఏదో పోయిందో. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఎలకబొరియలో నీళ్లు పోసినట్టే. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే ఛార్జింగుని పెంచి తగ్గిస్తుంది, అక్కడ అంకె అటూ ఇటూ ఆడితే కంగారు పడొద్దు.

పాత మేస్త్రీల పద్ధతి ఒకటి ఉంది, నేనూ అంబాసిడర్ల కాలంలో చేశాను. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడబీకి, ఇంజను ఆగకపోతే డైనమో మంచిది అనేవాళ్లం. ఇప్పటి బండికి ఎవడైనా అలా చేయబోతే చెయ్యి పట్టుకోండి. ఒక్కసారిగా ఓల్టేజి ఎగిసి కంప్యూటరు కాలిపోతుంది. బ్యాటరీ వేలల్లో పోతుంది, కంప్యూటరు దానికి ఎన్నో రెట్లు.

ఇప్పుడు జంపింగ్, అంటే ఇంకో బండి బ్యాటరీకి తీగలు కలిపి మన బండిని స్టార్ట్ చేయడం. మోహన రోడ్డులో తప్తపాణి ఘాటీ మీద ఆగిపోయారు, ఇంకో కారు ఆగింది, మీ దగ్గర తీగలున్నాయి. వరస చెబుతాను, ఇదొక్కటీ రాసుకోండి. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు, ఇంజన్లు ఆపి ఉండాలి. ఎర్రతీగ ఒక కొస ముందు ఖాళీ బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లతీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కి. ఆఖరి కొస, అందరూ తప్పు చేసేది ఇక్కడే, ఖాళీ బ్యాటరీ మైనస్‌కి కాదు. ఆ బండి ఇంజను మీద రంగు లేని ఇనుము చూసుకుని, బ్యాటరీకి దూరంగా తగిలించండి. చివరి కొస తగిలినప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంటుంది. ఆ రెండూ కలవకూడదు.

ఏమవుతుందంటారా? మా గురువుగారు ఒకసారి ఛార్జింగులో ఉన్న బ్యాటరీ మూత తీసి, నీళ్లెంతున్నాయో కనబడ్డం లేదని అగ్గిపుల్ల గీశారు. తుపాకీ పేలినట్టయింది. మొహం పక్కకి తిప్పడంతో కళ్లు దక్కాయి. మేం బక్కెట్లకి బక్కెట్లు నీళ్లు పోశాం. చొక్కా సాయంత్రందాకా బాగానే ఉంది. మర్నాడు ఉతికితే జల్లెడ అయిపోయింది. ఆసిడ్ కంట్లో పడితే మందూ మాకూ వెతక్కండి, పావుగంట ఆపకుండా మంచినీళ్లు పోస్తూనే ఉండి, అప్పుడు డాక్టరు దగ్గరికి. బ్యాటరీ పగిలినా, ఉబ్బినా, కారుతున్నా జంపింగ్ జోలికే వెళ్లొద్దు.

తీగలు తగిలించాక మంచి బండిని అయిదు నిమిషాలు నడవనివ్వండి, తర్వాత మీది కొట్టండి. పది సెకన్లకి మించి పట్టుకోవద్దు, కాసేపు ఆగి మళ్లీ. స్టార్టయ్యాక తగిలించినదానికి తలకిందుల వరసలో తీసేయండి. ఇంకోటి, బజార్లో దొరికే సన్నతీగల సెట్టు చూడ్డానికి బాగుంటుంది, లోపల రాగి దారంలా ఉంటుంది. వేడెక్కి పొగలొస్తుంది, ఇంజను తిరగదు. లావుపాటిది కొనండి.

అన్నిటికన్నా ముఖ్యం మన రోడ్ల సంగతి. రాత్రి పొద్దుపోయాక ఇటు సాలూరు-కోరాపుట్ ఘాటీలోనైనా అటు రాయగడ దారిలోనైనా కార్లకంటే లారీలే ఎక్కువ కనబడతాయి. లారీ డ్రైవరు మంచివాడు, ఆగుతాడు, ‘బైఠ్ గయీ క్యా’, బ్యాటరీ కూర్చుండిపోయిందా అని అడుగుతాడు, తీగ తానే తీస్తాడు. కానీ పెద్ద లారీది 24 ఓల్టులు. రెండు 12 ఓల్టుల బ్యాటరీలు వరసగా కట్టి ఉంటాయి. మీ కారు 12. ఆ రెండు చివర్లనుంచి మీ బండికి ఇచ్చాడా, బల్బుల దగ్గర్నుంచి కంప్యూటరు దాకా పోతుంది. రెండింట్లో ఒక్కదాన్నుంచి మాత్రమే తీసుకోవడం తెలిసినవాళ్లు చేస్తారు, నేను చేస్తాను, మీరు చెయ్యొద్దు. చీకట్లో ఏ తీగ ఎక్కడికెళ్లిందో తెలియదు. ఆయన్ని దణ్ణం పెట్టి పంపించేయండి, లేదా ఓ చెయ్యి వేసి తొయ్యమనండి.

తోయడం గేర్ల బండికే. తాళం ఆన్, రెండో గేరు, క్లచ్చు తొక్కి ఉంచి, వేగం అందుకున్నాక ఒక్కసారి వదలాలి. ఆటోమేటిక్‌కి కుదరదు. బ్యాటరీ పూర్తిగా సున్నా అయితే గేర్ల బండికీ కుదరదు, పెట్రోలు పంపుకీ కంప్యూటరుకీ కూడా కరెంటు కావాలి. ఘాటీలో దింపుతూ స్టార్ట్ చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట: ఇంజను ఆగి ఉంటే బ్రేకు రెండు మూడు తొక్కులకి రాయి అయిపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. మలుపున్నచోట ఆ సాహసం వద్దు.

స్టార్టయింది కదా, అక్కడితో అయిపోయిందనుకోకండి. ఇక్కడినుంచి పాతపట్నం వెళ్లొస్తే బ్యాటరీ నిండదు. గంటల తరబడి నడవాలి, లేకపోతే ఛార్జరు మీద పెట్టాలి. 35 బ్యాటరీకి మూడు, మూడున్నర ఆంపియర్లు, రాత్రంతా. ఛార్జి నిండాక ఒక రోజు వదిలేసి కొలవండి. నిలబెట్టుకుందా, ఖాళీ అయినదే. జారిపోయిందా, చచ్చినదే. అప్పుడు నాకు ఫోను చెయ్యండి. (నవ్వులు)

(సభలోంచి ఒకామె: మేష్టారూ, మా ఇంట్లో నీళ్లు పోసే బ్యాటరీ. ఏసీలోంచి కారే నీళ్లు పొయ్యొచ్చా?)

వద్దమ్మా. శుభ్రంగానే కనబడతాయి కానీ దుమ్మూ లోహమూ కలిసి ఉంటాయి. బోరునీళ్లు అసలే వద్దు. డిస్టిల్డ్ వాటరే, పలకలు మునిగి పైన ఒక వేలి మందం దాకా. ఆసిడ్ పోయకూడదు, ఆవిరైపోయేది నీళ్లే, ఆసిడ్ కాదు.

(మరొకరు: కారు బ్యాటరీ ఇన్వర్టర్‌కి పెట్టుకోవచ్చా? తుపానప్పుడు పెట్టాం.)

తుపానప్పుడు తప్పదు. రోజూ అయితే వద్దు. కారుది పరుగు పందెం ఆడేవాడు, ఇన్వర్టరుది మూటలు మోసేవాడు. కారు బ్యాటరీని రోజూ అడుగంటా తోడితే కొన్ని నెలల్లోనే పోతుంది.

(వెనకనుంచి: కరెంటు కారుకి ఈ గొడవ లేదు కదా?)

ఉంది బాబూ! కింద అంత పెద్ద బ్యాటరీ ఉన్నా, తలుపులూ కంప్యూటర్లూ నడిపేందుకు వేరే చిన్న 12 ఓల్టులది ఉంటుంది. అది పోతే పెద్దదాన్ని మేలుకొలిపేవాడు లేడు. ఏనుగు నిద్రపోతోంది, మావటివాడు రాలేదు.

చచ్చినదాన్ని ఏం చెయ్యాలన్నది చెప్పి ఆపేస్తాను. కొత్తది కొన్నచోటే ఇచ్చేయండి, ధరలో తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదార్లది. వీధిలో తిరిగేవాడు నాలుగు రూపాయలు ఎక్కువిస్తానంటాడు. అతను పెరట్లో పగలగొట్టి, ఆసిడ్ కాలవలో పారబోసి, సీసం కట్టెల పొయ్యి మీద కరిగిస్తాడు. ఆ పొగ పీల్చేది అతని పిల్లలే.

టీ వచ్చినట్టుంది. నేను మీటరు తెచ్చాను, ఎవరికి కావాలంటే వాళ్ల బండి చూస్తాను. కాకపోతే మీరంతా ఇప్పుడే నడుపుకుంటూ వచ్చారు, అందరివీ దొంగ అంకెలు చూపిస్తాయి, నిండుగా ఉన్నట్టు. బయటికెళ్లి ఒక్క నిమిషం హెడ్‌లైట్లు వేసి, ఆపేసి, బానెట్ ఎత్తి ఉంచండి. టీ తాగేసరికి పైపై పొంగు దిగుతుంది, అప్పుడు వరసగా వస్తాను.